గుండ్రటి గుడ్లలోని పుంజులు

గుడ్డును చేతిలోకి తీసుకుని లోపల ఉన్నది పెట్టో పుంజో చెప్పగలిగిన మనిషి ఈ కోకో కొండల్లో ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషే ఇప్పుడు మీకు ఈ కథ చెబుతున్నాడు. నా పేరు లియోవిగిల్దో. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు కాబట్టి గిల్దో అంటారు. మా ఊరి బడిలో పంతులమ్మ పెళ్లి చేసుకుని వెళ్లిపోయేదాకా చదువుకున్నాను. ఆ తర్వాత నాకు తెలిసినదంతా కోళ్లు నేర్పిందే.

విద్య పెద్ద కష్టమైనదేమీ కాదు. మొన తేలిన పొడుగాటి గుడ్డులో పుంజు ఉంటుంది, గుండ్రటి దానిలో పెట్ట ఉంటుంది. ఈ మాత్రం మా వైపు ప్రతి ముసలమ్మా చెబుతుంది. కానీ ఏది గుండ్రం, ఏది పొడుగు అని తేల్చడానికి కన్ను కావాలి, వేళ్లు కావాలి, కాస్త నటన కూడా కావాలి. నేను గుడ్డును ఎండకు ఎత్తి పట్టేవాణ్ని. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ని. ఒక్కోసారి లోపలి ప్రాణి ఏదో చెబుతున్నట్టు "ఊఁ... ఊఁ... అలాగా" అని తలాడించేవాణ్ని. అప్పుడు గానీ గుడ్డు కుడివైపు బుట్టలోకో ఎడమవైపు బుట్టలోకో వెళ్లేది కాదు. కుడివైపువి పొదగెయ్యాలి, ఎడమవైపువి వేపుకు తినాలి. దీనికి కూలి పుచ్చుకోను. ఒక కప్పు కాఫీ, దానితో పాటు కాస్త పొగడ్త చాలు.

ఒకే ఒక నియమం పెట్టాను. నేను ఏరిచ్చిన గుడ్లు ఇంటికి పట్టుకెళ్లేటప్పుడు దారిలో నోరు విప్పకూడదు. పలకరించకూడదు, పలకరిస్తే పలకకూడదు. నోరు విప్పితే లోపలివి గాభరాపడతాయి, పెట్టలుగా పుట్టాల్సినవి పుంజులుగా పుడతాయి. మా ఊళ్లో మనిషి బిందె పట్టుకుని వాగు దాకా వెళ్లి రావడానికి ఒక పూట పడుతుంది. దూరం ఎక్కువై కాదు, దారి పొడుగునా అరుగులుండబట్టి. కాబట్టి ఎవరింట్లో అయినా పుంజు పుట్టిందంటే తప్పెవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ వచ్చి నన్ను అడిగిన పాపాన కూడా పోలేదు.

కిందటేడు ఈస్టరు ముందటి ఉపవాసాల రోజుల్లో మా ఆవిడ ఎర్సీలియా గుడ్ల పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"నా పెట్టలు ముసలివైపోయాయి. కొత్త పెట్టలు కావాలి. ఊరందరికీ ఏరిపెడతావుగా, ఈసారి మన ఇంటికి ఏరు" అంది.

"ఇన్నేళ్లూ అడగలేదేమే?"

"ఇన్నేళ్లూ నీ మీద నమ్మకం ఉంది. అందుకని పరీక్ష పెట్టలేదు."

గుండ్రటివి ఏరాను. ఇంటి పని కాబట్టి ఇంకాస్త ఎక్కువ సేపు చెవి దగ్గర పెట్టుకున్నాను. పొదుగుకి వచ్చిన రెండు పెట్టల కింద వాటిని సర్దాను. పొడుగాటివన్నీ ఉల్లిపాయలేసి వేపితే, ఉడకబెట్టి మెదిపిన అరటికాయ ముద్దలోకి నంజుకుని తిన్నాం.

పిల్లలు లేచాయి, పెరిగాయి. ఒకరోజు ఎర్సీలియా అంది.

"ఏమయ్యా, వీటి తురాయిలు చూశావా? అప్పుడే ఎర్రబడుతున్నాయి."

"మంచి జాతే అది. మంచి జాతి పెట్టలకు తురాయి ముందే ఎర్రబడుతుంది."

మరికొన్నాళ్లకు అవి మెడలు నిక్కించి, ఎదురెదురుగా నిలబడి ఎగిరెగిరి తన్నుకోసాగాయి.

"పెట్టలు ఇలా తన్నుకుంటాయా?"

"ఎందుకు తన్నుకోవూ? నువ్వూ మీ అక్కా తన్నుకోలేదూ?"

ఆ తర్వాత ఒక పొద్దున వాటిలో ఒకటి కోకో గింజలు ఆరబోసిన చెక్క పళ్లెం ఎక్కింది. ఛాతీ విరిచి, మెడ సాచి, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు ఒక కూత కూసింది. ఎర్సీలియా నా వైపు తిరగనైనా తిరగలేదు. కాఫీ వంపుతూనే అంది.

"ఆ మంచి జాతి పెట్టకి పాపం జలుబు చేసినట్టుంది."

ఒకే ఒక్కటి పెట్ట. మిగతావన్నీ పుంజులే.

వాకిట్లో ఒక పుంజు ఉంటే సంసారంలా ఉంటుంది. ఇన్ని ఉంటే పట్నం బస్టాండులా ఉంటుంది. తెల్లారకముందే ఒకటి కూసేది, రెండోది దానికి జవాబిచ్చేది, మూడోది ఆ జవాబు నచ్చక అందుకునేది. ఇక పగలంతా పెట్టల వెంట పరుగులే. పాపం మా పెట్టల వీపుల మీద ఈకలన్నీ రాలిపోయి, నా నడినెత్తిలాగే నున్నగా తయారయ్యాయి. ఇన్నేళ్లు వాకిలేలిన మా ముసలి పుంజు ఒకరోజు ఇదంతా చూసి, నిదానంగా వంటింట్లోకి నడిచొచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. మళ్లీ గుమ్మం దాటలేదు. ఎర్సీలియాకు ప్రాణమైన నల్లపెట్ట రేకుల కప్పు మీదికెక్కి దిగనంది. నేనే నిచ్చెన వేసుకుని దానికి గింజలూ నీళ్లూ అందించేవాణ్ని. అది గుడ్లు పెట్టడం మానేసింది. దాన్ని చూసి మిగతావీ మానేశాయి. మా ఊరి పండగకు పాలూ గుడ్లూ కలిపి ఎర్సీలియా వండే ఫ్లాన్ కోసం కొండ అవతలి వాళ్లు కూడా వస్తారు. గుడ్లే లేకపోతే ఫ్లాన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

"ఇదిగో ముసలోడా, విను. మన పునీత లోరెన్సో పండగ నాటికి నా వాకిట్లో ఈ పుంజులు ఉండకూడదు. ఉంటే ఏం చేస్తానో తెలుసా?"

"ఏం చేస్తావు?"

"చర్చి గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెబుతాను. మా ఆయన ఏరిన గుండ్రటి గుడ్లలోంచి ఏం ఊడిపడ్డాయో వచ్చి చూసిపొండి అని."

"కట్టుకున్నదానివి, అంత పని చేస్తావా?"

"కట్టుకున్నదాన్ని కాబట్టే పండగ దాకా ఆగుతున్నాను."

మీకు నవ్వులాటగానే ఉంటుంది. కానీ నా వయసు మనిషికి ఊళ్లో మిగిలేదేముంది చెప్పండి? తోట కొడుకులు చూసుకుంటున్నారు. డొమినో ఆటలో నా స్నేహితుడు నెరేయో గెలుస్తాడు. పాట ఎత్తుకుంటే కుక్కలు లేచి వెళ్లిపోతాయి. గుడ్ల బుట్టతో ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి "ఉన్నావా?" అని కేకేస్తేనే నేను ఉన్నట్టు. ఆ కేక ఆగిపోతే నేనూ మా ముసలి పుంజులా పొయ్యి పక్కకి చేరాల్సిందే.

అమ్మేయొచ్చు కదా అంటారు. మోటారుసైకిల్ మీద కోళ్లు కొనుక్కుపోయేవాడు ఉన్నాడు గానీ, వాడు కోళ్ల కంటే ఎక్కువగా కబుర్లు మోస్తాడు. కోసుకు తినొచ్చు కదా అంటారు. ఒకటి కోశాం. ఈకలు పెరట్లో పాతిపెట్టాను. మా కుక్క వాటిని తవ్వి తీసి, అన్నిటికంటే పొడుగ్గా మెరిసే తోక ఈకను నోట కరుచుకుని, ఊరేగింపులా నెరేయో అరుగు దాకా వెళ్లొచ్చింది. ఆ తర్వాత రెండోది కొయ్యడానికి చేతులు రాలేదు.

ఈలోగా పునీత లోరెన్సో పండగ ముందు జరిగే నవదిన ప్రార్థనలు వచ్చాయి. మొదటి సాయంత్రం ప్రార్థన మా ఇంట్లో. పుంజులన్నిటినీ కోకో కొట్టంలోకి తోలి, సందులన్నీ గోనె సంచులతో మూసి చీకటి చేశాను. చీకట్లో కూయవు కదా అని. ప్రార్థన చెప్పించేది సిప్రియానో. సన్నగా, పొడుగ్గా, మైనపు వత్తిలా ఉంటాడు. ఆయన పునీతుల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే మేమంతా "మా కోసం వేడుకోండి" అంటున్నాం. మూడో పేరుకు కొట్టంలోంచి ఒక కూత. నాలుగో పేరుకు రెండు. ఆ తర్వాత అవి వరస పట్టేశాయి. మేం "వేడుకోండి" అనగానే అవి అందుకునేవి. ఒక్కసారి కూడా తప్పలేదు. చర్చి పాటల బృందం కూడా అంత సమయానికి అందుకోదు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అదేమిటని అడగలేదు. సిప్రియానో ఇంకాస్త గట్టిగా చదివాడు. నెరేయో మాత్రం వెళ్తూ వెళ్తూ అన్నాడు.

"ఈ కొండగాలి ఉందే బావా, అవతలి ఊరి పుంజుల్ని కూడా ఎంత దగ్గరగా వినిపిస్తుందో చూడు."

నెరేయో పెద్దకొడుక్కి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిని నేనే. అప్పట్నుంచీ మేం బావలం. అయినా అంత మర్యాద చూపించే మనిషి కాదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే నేను వేరే ఎత్తు ఆలోచిస్తున్నాను. నా పుంజుల్ని ఎవరైనా దొంగిలించాలి.

మా ఊళ్లో సాంకోచో పులుసుకి కొన్న కోడి పనికిరాదు. కర్రపెండలం, చామదుంపలు, పచ్చి అరటికాయ, గుమ్మడి ముక్కలు అన్నీ నీవే అయినా ఫర్వాలేదు, కోడి మాత్రం స్నేహితుడి వాకిట్లోంచి ఎత్తుకొచ్చింది కావాలి. పోగొట్టుకున్నవాణ్ని కూడా భోజనానికి పిలవాలి. వాడు ముక్క నోట్లో పెట్టుకోగానే తన కోడిని గుర్తుపడతాడు. అయినా మొహంలో ఏమీ కనిపించనీకుండా "పులుసు భలే కుదిరింది" అనాలి. అలా అనలేనివాణ్ని మళ్లీ ఎవరూ పిలవరు. వాడి కోడిని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. అంతకు మించిన తలవంపులు మా వైపు లేవు.

మర్నాడు డొమినో బల్ల దగ్గర గాలం వేశాను.

"ఈ ఊళ్లో మొగాళ్లు అయిపోయారర్రా. పండగ దగ్గరికొచ్చింది, ఒక్క కోడి పోయిన చప్పుడు లేదు."

"ఎవరింట్లో పోవాలేంటి?" అన్నాడు నెరేయో, బిళ్లలు కలుపుతూ.

"మా ఇంట్లో పోవచ్చుగా. అంత దమ్ము ఎవరికుంది?"

"నీ కోళ్లు ముట్టుకుంటే పాపం బావా. అన్నీ గుడ్లు పెట్టే పెట్టలు కదా. ఏరి ఏరి పొదిగించుకున్నావు."

ఆ మాట చేపముల్లులా గుచ్చుకుంది. అయినా తగ్గలేదు.

"పెట్టలో, ఏవో. రేపు సాయంత్రం మేమిద్దరం చర్చిలో ఉంటాం. గేటుకు గొళ్లెం ఊడిపోయింది. కుక్కను కట్టేస్తాను. అయినా సరే, నా వాకిట్లో అడుగు పెట్టే మొనగాడు ఈ ఊళ్లో పుట్టలేదు."

నెరేయో కళ్లు మెరిశాయి. సిప్రియానో ఎందుకో గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా తగిలిందిరా గాలం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం చర్చిలో అందరికంటే నా గొంతే పెద్దది. వాగు అవతల ఇల్లున్న ఫిదెలీనా, మొగుడు పోయాక ఒంటిచేత్తో ఇల్లు నడుపుకొస్తున్న మనిషి, ప్రార్థన మధ్యలో "అయ్యో, పొయ్యి మీద పాలు" అంటూ లేచి పోయింది. కాసేపటికి సిప్రియానో నీళ్లు తాగొస్తానని పుస్తకం పక్కవాళ్ల చేతిలో పెట్టి పోయాడు. నెరేయో ఆలస్యంగా వచ్చి నా పక్కన కూలబడ్డాడు. రొప్పుతున్నాడు. టోపీ అంచున చిన్న ఈక ఒకటి ఇరుక్కుని ఉంది. అది చూసి నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. ఇంత మంచి స్నేహితులున్న మనిషి ఎవడున్నాడు లోకంలో?

ఇంటికొచ్చేసరికి మా కోళ్లు పడుకునే నారింజ చెట్టు కొమ్మ అంతకు ముందు కంటే కిందికి వంగి ఉంది. కాయల బరువేమో అనుకున్నాను. అది కాయల కాలం కాదని గుర్తొచ్చేసరికి తెల్లారింది.

తెల్లారి చూద్దును కదా, నా పుంజుల్లో ఒక్కటీ తగ్గలేదు. వాటి మధ్య ఒక మెడబోడి పుంజు తిరుగుతోంది. మెడ మీద ఈక లేకుండా, ఎర్రగా, క్షవరం చేయించుకొచ్చిన పెళ్లికొడుకులా ఉంది. మెడబోడి జాతి మా ఇంట్లో ఎప్పుడూ లేదు. అవి ఫిదెలీనా ఇంట్లోనే ఉన్నాయి. పక్కన ఈకలన్నీ వెనక్కి తిరిగి, తుపానుకు ఎదురు నడిచొచ్చినట్టు కనిపించే పుంజులు రెండు. అలాంటి కోళ్లను పెంచేది సిప్రియానో. అంట్ల రాయి మీద నిలబడి పొడల పుంజు ఒకటి నన్ను యజమానిలా చూస్తోంది. దాని తల్లి నెరేయో ఇంట్లో ఉంది, నాకు బాగా తెలుసు.

ఎర్సీలియా గుమ్మంలోకి వచ్చింది.

"దొంగలు పడ్డారా?"

"పడ్డారు."

"ఏం పోయింది?"

"ఏం పోలేదు. వచ్చాయి."

ఆమె వాకిలంతా ఒకసారి కలియజూసింది. తలకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంది.

"ఎత్తుకుపోవడం కూడా చేతకాని దొంగలతో నువ్వు స్నేహం చేస్తున్నావన్నమాట" అని లోపలికి పోయింది.

నాకు మండింది. వీళ్లకు సంగతి తెలిసిపోయింది, కావాలని ఎగతాళి చేస్తున్నారు అనుకున్నాను. చేతనైతే పట్టుకుని కడిగేయాలని, ఆ సాయంత్రం మోకాలి నొప్పి అని చెప్పి ఎర్సీలియాను ఒక్కదాన్నే చర్చికి పంపాను. పొద్దు వాలుతుండగా పుంజులన్నిటినీ మళ్లీ కొట్టంలోకి తోలి, వాటి మధ్య తిరగేసిన బుట్ట మీద కూర్చున్నాను. అవి నన్ను తమలో ఒకణ్ని అనుకున్నాయేమో, ఒకటి ఎగిరొచ్చి భుజం మీద కూర్చుంది. తోలలేదు. తోలితే చప్పుడవుతుంది.

గేటు కిర్రుమంది. ఎవరో మునివేళ్ల మీద వస్తున్నారు. కొట్టం తలుపు సందులోంచి ఒక సంచి లోపలికొచ్చింది.

"ఎవరది?"

"అమ్మో! నేనే అన్నయ్యా, ఫిదెలీనాని."

"ఏం చేస్తున్నావిక్కడ?"

"ఏం చేస్తానూ, దొంగతనం."

"దొంగతనానికి ఖాళీ సంచితో వస్తారు."

"ఇది ఖాళీదే అన్నయ్యా."

సంచి కొక్కొరొకో అంది.

మేమిద్దరం సంచిని చూస్తుండగానే పెరటి కంచె దగ్గర ఏదో చిరిగిన చప్పుడైంది. వెళ్లి చూస్తే నెరేయో. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. ముళ్లతీగకు పంట్లాం చిక్కుకుంది. రెండు చంకల్లో రెండు పుంజులుండడంతో విడిపించుకోవడానికి చెయ్యి లేదు.

"బావా! నువ్వు చర్చిలో లేవా?" అన్నాడు.

"నువ్వున్నావా?"

"నేనూ లేను."

వాణ్ని కంచె మీంచి దించేలోగా గేటు లోంచి సిప్రియానో వచ్చాడు. పెద్ద ప్రార్థన పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. పుస్తకానికి, గుండెకు మధ్య ఈకలు వెనక్కి తిరిగిన పుంజు ఒకటి ఊపిరాడక కళ్లు తేలేస్తోంది.

"నువ్వు ఇక్కడుంటే అక్కడ ప్రార్థన ఎవరు చెప్పిస్తున్నారయ్యా?" అన్నాను.

"ఇంకెవరో చెప్పిస్తారనుకున్నాను."

జవాబు ఎర్సీలియా చెప్పింది. ఆయన వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడింది, చేతిలో జపమాలతో.

"ఎవరూ చెప్పించడం లేదు. ఒక్కొక్కరికే ఏదో పని తగిలింది. చివరికి నేనూ, గోడ మీద పునీతుడూ మిగిలాం. ఆయన్ని కూడా రమ్మందును గానీ ఆయన దగ్గర పుంజు లేదు."

అప్పుడు ఫిదెలీనా సంచి కింద పెట్టి, చేతులు జోడించినంత పని చేసింది.

"క్షమించు అన్నయ్యా. తప్పు నాదే. నువ్వు బంగారంలా ఏరిచ్చావు. నేనే దారిలో నోరు తెరిచాను. అది కూడా మనిషితో కాదు. గాడిద మొరాయిస్తే 'నడవ్వే తల్లీ' అన్నాను. ఆ ఒక్క మాటకు అన్నీ పుంజులే పుట్టాయి. చెప్పుకుంటే సిగ్గు. ఇంటి వెనక గంపల కింద మూసి పెంచుతున్నాను."

"నీకూనా?" అన్నాడు నెరేయో. "నేను ఎవరితోనూ మాట్లాడలేదు. పాట పాడుకున్నానంతే. పాట మాట కిందికి వస్తుందని నాకేం తెలుసు?"

సిప్రియానో తల దించుకున్నాడు. "నేను దీవించాను. దారిలో చిన్నపిల్లలు ఎదురై దీవెనలడిగారు. 'దేవుడు దీవించుగాక' అనకుండా ఎలా పోను?"

మా ఊళ్లో అడిగినవాళ్లకు దీవెన ఇవ్వకుండా పోయే మనిషి లేడు. ఆ సంగతి నియమం పెట్టినప్పుడే నాకు తెలుసు. ఎవరి పుంజుల్ని వాళ్లు దాచుకున్నారు. తమ ఒక్కరింట్లోనే ఇలా జరిగిందని ప్రతివాళ్లూ అనుకున్నారు. మా ఇంట్లో ప్రార్థనప్పుడు వినిపించిన కూతలు కూడా తమ పుంజులవేనని హడలిపోయారు. గిల్దో ఇంట్లో అన్నీ పెట్టలే కదా, వాటి మధ్య మనదొకటి వదిలితే గుట్టు చప్పుడు కాకుండా కలిసిపోతుందని మొదటి రోజు వదిలారు. కుదిరిందనుకుని రెండో రోజు మిగతావి తెచ్చారు.

చూశారా నా అదృష్టం! పోయిందనుకున్న పరువును ముగ్గురు మనుషులు కడిగి, తుడిచి, నా చేతిలో పెడుతున్నారు. నేను చెయ్యాల్సిందల్లా పుచ్చుకోవడమే. పాఠం చెప్పే పంతులులా గొంతు పెంచాను.

"చూశారా మరి! నేను చెప్పలేదూ? దారిలో మాట్లాడితే..."

"మరి మన గుడ్ల సంగతేంటి?" అంది ఎర్సీలియా.

"మన గుడ్లా?"

"మన గుడ్లే. వంటింటి బల్ల మీంచి పక్కగదిలో బుట్ట దాకా పోయాయి. దారే లేదు. మరి ఎవరు మాట్లాడారు?"

నేను నోరు తెరిచేలోగా నా భుజం మీద పుంజు మెడ సాచి, నా చెవిలో, జీవితంలో నేను విన్న కూతల్లోకెల్లా పొడుగాటి కూత కూసింది. కొట్టంలోవన్నీ అందుకున్నాయి. సంచిలోది అందుకుంది. నెరేయో చంకల్లోవి అందుకున్నాయి.

మొదట ఫిదెలీనా నవ్వింది. తర్వాత నెరేయో నవ్వాడు. ఆ నవ్వుకు పంట్లాం చిరుగు ఇంకో జానెడు సాగింది. సిప్రియానో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ పుస్తకం వణుకుతోంది.

"అన్నీ గుండ్రటివే ఏరాను" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. "ఒక్కటీ పొడుగాటిది లేదు. ఒట్టు."

"ఆ పొడుగాటివన్నీ మనం వేపుకు తిన్నాం ముసలోడా" అంది ఎర్సీలియా. "నా పెట్టలన్నిటినీ ఉల్లిపాయలేసి తిన్నాం."

నేనూ నవ్వాను, నవ్వకేం చేస్తాను? కానీ లోపల మాత్రం గేటు దగ్గరి ఆ కేక ఇక వినపడదని తెలిసిపోయింది.

పండగ నాడు ఎర్సీలియా ఆజ్ఞ ప్రకారం ఎక్కడి పుంజులు అక్కడ బయటికొచ్చాయి. కోయడానికి, ఈకలు పీకడానికి మా వాకిలి సరిపోక వాగు ఒడ్డుకు పోయాం. పునీత లోరెన్సోను నిప్పుల మీద కాల్చి చంపారంటారు. అందుకేనేమో వంటవాళ్లందరినీ ఆయనే కాపాడతాడు. ఆ రోజు ఆయనకు చేతినిండా పని. మూడు పెద్ద బానల్లో సాంకోచో ఉడికింది. పడుచు పుంజులు కాబట్టి మాంసం వెన్నలా ఉంది. పుల్లనారింజ రసం, కొత్తిమీర, పక్కన తెల్లన్నం, అవకాడో చెక్కలు. ఫ్లాన్ లేదు. దాని గురించి ఎవరూ అడగలేదు, అడిగితే ఎర్సీలియా ఏమంటుందో అందరికీ తెలుసు.

అందరం పళ్లేలు పట్టుకుని కూర్చున్నాం. ఆనవాయితీ ఆనవాయితీయే కదా. ఫిదెలీనా తన పళ్లెంలో చర్మం నున్నగా ఉన్న మెడ ముక్కను చూసి ఒక్క క్షణం ఆగి, "పులుసు భలే కుదిరింది" అంది. నెరేయో అదే అన్నాడు. సిప్రియానో రెండుసార్లు అన్నాడు. ఊరు ఊరంతా ఎవరి పుంజును వాళ్లే తింటూ, ఎవరిదో తింటున్నట్టు మొహాలు పెట్టింది. నా వంతు వచ్చేసరికి ఎర్సీలియా బానలో గరిటె తిప్పి తిప్పి, వెతికి వెతికి, మంచి తొడ ముక్క తీసి నా పళ్లెంలో వేసింది. "తిను" అంది. ఇన్నేళ్ల కాపురంలో అంతకంటే మెత్తటి మాట నేను వినలేదు.

ఆ సాయంత్రం రేకుల మీంచి నల్లపెట్ట దిగింది. వాకిలంతా నడిచి చూసుకుంది. ముసలి పుంజు వంటింట్లోంచి బయటికొచ్చి, గొంతు సవరించుకుని, ఎవరూ జవాబివ్వరని రూఢి చేసుకున్నాక కూసింది.

తర్వాత నెలల తరబడి నా గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. డొమినో బల్ల దగ్గర గుడ్ల మాటెత్తితే నెరేయో పొడల పుంజులా మెడ సాచేవాడు. నేను కూడా నవ్వేవాణ్ని. ఇంటికొచ్చి పొయ్యి పక్కన కూర్చునేవాణ్ని. ఎర్సీలియా నన్నూ పుంజునూ మార్చి మార్చి చూసి, "ఒకడు పోతే ఇంకొకడు" అనేది.

మళ్లీ ఈస్టరు ముందటి రోజులొచ్చాయి. ఒక పొద్దున గేటు దగ్గర కేక.

"అన్నయ్యా, ఉన్నావా?"

ఫిదెలీనా. చేతిలో గుడ్ల బుట్ట.

ఎగతాళికి వచ్చిందేమో అని మొహం చూశాను. మామూలుగానే ఉంది. కాఫీ పెట్టమని ఎర్సీలియాకు చెప్పి, గుడ్లు ఒక్కొక్కటే ఎండకు ఎత్తాను. చెవి దగ్గర పెట్టుకున్నాను. "ఊఁ... అలాగా" అన్నాను. గుండ్రటివి కుడివైపు, పొడుగాటివి ఎడమవైపు. పని అయ్యాక ఫిదెలీనా లేచి, ఎడమవైపు బుట్ట చంకనెత్తుకుంది.

"అమ్మా, అవి వేపుకునేవి."

"కుడివైపువి నువ్వు వేపుకో అన్నయ్యా, ఉల్లిపాయలేసి. నాకు ఇవి చాలు."

"అంటే నా మాట నమ్మవన్నమాట!"

"నీ మాట నమ్మకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను? నీ మాట ఎప్పుడూ తప్పదు. ఒక్కసారి కూడా తప్పలేదు. కాకపోతే తిరగేసి వింటే సరిపోతుంది."

గేటు దాటాక దారి పొడుగునా అందర్నీ పలకరించుకుంటూ పోయింది. గాడిదను కూడా వదల్లేదు. ఆమె మలుపు తిరిగిందో లేదో, అటు నుంచి టోపీ సర్దుకుంటూ నెరేయో వచ్చాడు, వీపు వెనక ఏదో దాచుకుని. అది గుడ్ల బుట్టని నాకు తెలుసు. తెలియనట్టు కూర్చున్నాను.

ఆ పిల్లలిప్పుడు బాగా పెరిగాయి. వాగు అవతల్నుంచి ఇంతవరకు ఒక్క కూత కూడా వినపడలేదు. గాలి ఇటే వీస్తోంది మరి.

మీలో కొందరు తల ఊపుతున్నారు, ఈ ముసలాడు ఎక్కడో బొంకాడు అని. నిజమే. ఒక్కచోట కల్పించాను. ప్రార్థనలో పుంజులు వంత పాడింది నిజం, సిప్రియానోను అడగండి. సంచి కూసింది నిజం. నెరేయో చిరుగు పంట్లాం ఇప్పటికీ వాళ్ల దండెం మీద ఆరుతుంటుంది, వెళ్లి చూసుకోండి. నేను కల్పించింది ఆ తొడ ముక్కను. ఎర్సీలియా బానలో గరిటె తిప్పి తిప్పి, వెతికి వెతికి నా పళ్లెంలో వేసింది మెడ. అది కూడా బోడిమెడ.